మొదటి నీళ్లు పారబోసే మనిషి

ఈ మధ్యాహ్నం చిక్కబళ్లాపురంలో వాన మొదలైంది. మొదటి చినుకు మిద్దె మీద పడిందో లేదో, నేను అన్నం ముందు నుంచి లేచి, ఎడమ చేత్తో స్టీలు బేసిన్ పట్టుకుని మెట్లెక్కాను. కుడిచేతికి ఇంకా చారన్నం అంటుకునే ఉంది.

"మొదలాయె నీళ్ల పూజ! చేయి కడుక్కోనన్నా పోండి, వాన యాడికీ పారిపోదులే" అని కింద నుంచి మా ఆవిడ కేకేసింది.

మా జిల్లాలో వాన పారిపోదని హామీ ఇవ్వగలిగిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. అందుకని ఆ మాట విననట్టు నటించి, బేసిన్ మిద్దె నడుమ పెట్టి, దాని పక్కనే నేనూ ఒక పాత్రలా నిల్చున్నాను.

నిజానికి ఈ అలవాటు నాది కాదు. నేను చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. నాకు వానతో ఉన్న సంబంధం గొడుగు మరిచిపోవడం వరకే. ఇది మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన సారు అలవాటు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. "పేరు సీసాకి అతికించాలప్పా, లోపల ఏముండాదో తెలీదు గనక. మనిషి నోరు తెరిస్తే తెలిసిపోతాది గదా!" అనేవారు. పిల్లలకు ఆయన నీళ్ల సారు. నాకు ఉత్త సారు.

బాగేపల్లి కాలేజీలో నేను చేరింది అతిథి ఉపన్యాసకుడిగా. కర్ణాటకలో ఆ ఉద్యోగానికి పేరే అది. తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి అని చిన్నప్పుడు చదువుకున్నాను. మా జీతం కూడా ఏ తిథికి వచ్చేదో తెలిసేది కాదు గనక పేరు అతికినట్టు సరిపోయింది. సారు మాత్రం అసలు సిసలు శాశ్వత ఉద్యోగి. సొంతూరు చింతామణి. "ఊరి పేరులోనే చింత ఉండాది, నేను వేరేగా పడేదెందుకు?" అని ఎవరేం చెప్పినా నవ్వేసేవారు. ఆ నవ్వుకు చప్పుడుండదు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడేవి. వెనక బెంచీ పిల్లలు సారు ఏడుస్తున్నారేమోనని కంగారుపడ్డ రోజులూ ఉన్నాయి.

పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉండేవారు. ఎదుట ఉన్నది మనిషయినా సరే, పరీక్షనాళికలోకి తొంగి చూస్తున్నట్టే చూసేవారు. జేబులో పెన్ను ఉండదు, గాజుకడ్డీ ఉంటుంది. హాజరుపట్టీలో సంతకానికి రోజూ నా పెన్నే. దానికి బదులుగా నా టీ ఆయన గాజుకడ్డీతో కలిపేవారు.

ఆ టీ కథ చెప్పాలి. ఇద్దరం చిక్కబళ్లాపురంలో ఉండేవాళ్లం గనక పొద్దున బాగేపల్లికి ఒకే బస్సు. పేరేసంద్రలో డ్రైవరు టీ తాగేంతసేపు అది ఆగేది. మేమూ దిగేవాళ్లం. సారుకు చక్కెర జబ్బు. ఇంట్లో ఆయన ఇల్లాలు అమ్మగారి కాపలా గట్టిది. ఆయన తన గ్లాసులో ఒక్క పలుకు వేసుకునేవారు కాదు. కానీ చక్కెర కరగడం చూడకపోతే ఆయనకు పొద్దు గడవదు. అందుకని నా టీకి చక్కెర వేరేగా ఇప్పించి, చెంచా చెంచాగా నా గ్లాసులో తానే వేసేవారు.

"కలపొద్దప్పా. ముందు చూడు."

"ఏం చూడాల సార్? చక్కెరే గదా!"

"యాడికి పోతాండాదో చూడు."

నేను గ్లాసు ఎత్తి చూసేవాణ్ణి. అడుగున పలుకులు కాసేపు కదిలి, అంచులు మెత్తబడి, ఉన్నట్టుండి కనబడకుండా పోయేవి.

"పాయె సార్."

"యాడికీ పోలే. నీకు కనపడకుండా పోయింది, అంతే. తాగి చూడు, ఉండాది."

తాగేవాణ్ణి. ఉండేది. ఉండక ఏం చేస్తుంది, అప్పటికి ఇంకో చెంచా వేసేవారు. టీ వేడి తగ్గేకొద్దీ ఎంత వరకు పడుతుందో చూడాలని ఆయన పట్టుదల. చివరికి అడుగున నాలుగు పలుకులు కరగకుండా మొండికేసేవి. అప్పుడు గాజుకడ్డీ తీసి, చొక్కా అంచుకు తుడిచి ("కడిగిందేనప్పా, భయపడొద్దు"), గిరగిరా తిప్పి, అయినా కరగలేదని చూసి పొంగిపోయేవారు.

"ఇదప్పా సంతృప్త ద్రావణం. ఇంక నాకొద్దు అని చెప్తాండాది. చాలన్న మాట ద్రావణం నోటినుంచి వింటాండాం గానీ, మన ప్రిన్సిపాల్ నోటినుంచి ఎప్పుడన్నా విన్నావా?"

అంతలో బస్సు హారన్ కొట్టేది. నేను ఆ పాకాన్ని ఒక్క గుక్కలో మింగి పరుగెత్తేవాణ్ణి. అలా ఆయన మానేసిన చక్కెరంతా నేనే తాగాను. ఇప్పుడు నాకూ పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. అది ఆయన నాకు వదిలిపోయిన ఆస్తి అనుకుని భక్తిగా మింగుతుంటాను.

మా కాలేజీలో రసాయనశాస్త్రం మూడు భాషల్లో నడిచేది. పుస్తకం ఇంగ్లీషు, పాఠం కన్నడం, సందేహం తెలుగు. పిల్లలు లేచి నిలబడి కన్నడంలో అడగబోయి తడబడితే సారు ఆపేవారు. "ఇంట్లో మాట్లాడినట్టు అడగమ్మా. సందేహం ఇంట్లోనే పుడతాది, కాలేజీకి బస్సెక్కి వస్తాది, అంతే." జవాబు కూడా ఇంటి మాటలోనే వచ్చేది. ఎండాకాలం మధ్యాహ్నం బాగేపల్లి బస్టాండులో సోడా తాగుతూ పిల్లలకు వాయువుల సంగతి చెప్పేవారు. "చల్లటి సోడాలో గ్యాసు ఒద్దిగ్గా కూచుంటాది. వెచ్చనైందా, కూచోదు. మూత తీస్తే ముఖాన కొడతాది. మీరూ అంతే గదా, మూడుగంటల క్లాసులో!"

అన్నిటికంటే ఆయనకు నీళ్లు ముఖ్యం. మా సీమలో బోరు నీళ్లు వెయ్యి అడుగుల కింది నుంచి వస్తాయి. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు, కాచిన గిన్నెకు సున్నం కొట్టినట్టు తెల్లటి పొర కడుతుంది. అందరం తిట్టుకునేవాళ్లం. సారు తిట్టేవారు కాదు. "అంత లోతు నుంచి ఒక్కో రాయినీ పలకరించుకుంటా వస్తాండాయప్పా నీళ్లు. ప్రతి రాయీ కొంచెం కొంచెం చేతిలో పెట్టి పంపిస్తాది. నీళ్లకి వద్దనడం చేతకాదు. నా మాదిరే."

అందుకే ఆయనకు వానంటే పిచ్చి. ఇంకా భూమిని తాకని నీళ్లు, ఏ రాయినీ పలకరించని నీళ్లు. స్టాఫ్‌రూము కిటికీ దగ్గర అలమరలో వాన సీసాలు వరసగా ఉండేవి. ఒక్కోదానికి ఊరి పేరు అతికించి ఉండేది. ఏ ఊరి పిల్లలు ఆ ఊరి వానను పట్టుకుని రావాలి. దానికొక నియమం. వాన మొదలైన పావుగంట దాకా పడిన నీళ్లు పారబోయాలి. "మొదటి నీళ్లు గాలిని కడిగిన నీళ్లు. కుండ కడిగిన నీళ్లు ఎవరన్నా తాగుతారా?"

ఈ నియమం మా పిల్లలకు ఎంత కష్టమో బయటివాళ్లకు అర్థం కాదు. రెండు రోజులకొకసారి కొళాయి వచ్చే ఊళ్లు మావి. ఖాళీ బిందె కనబడితే చేతులు ఊరుకోవు, నింపుతాయి. చెంబయినా, సీసా అయినా, డబ్బా అయినా సరే. పట్టిన నీళ్లను పారబోయడమంటే పెట్టిన అన్నాన్ని పారేసినట్టే. అయినా పిల్లలు పారబోసేవాళ్లు, సారు కోసం. నేనూ నా వంతుగా ఒకసారి చిక్కబళ్లాపురం వానను తెచ్చిచ్చాను. ఇంట్లో దొరికిన మామిడికాయ ఊరగాయ సీసాలో. కడిగే తెచ్చాను. సారు మూత తీసి వాసన చూసి, భుజాలు ఎగరేసి, 'చిక్కబళ్లాపురం, చరిత్ర శాఖ' అని పేరు అతికించి, వెనక వరసలో పెట్టారు.

క్లాసులో ఆయన మంత్రం ఒకటే. ఏ ఉప్పును పరీక్షించినా, ఏ రంగు వచ్చినా, "ముందు నీళ్లనడగండి" అనేవారు. అంటే ఉప్పు వేయని ఉత్త నీళ్లలో అదే మందు వేసి చూడాలి. నీళ్లే రంగు మారితే తప్పు ఉప్పుది కాదు. పిల్లలు ఊ కొట్టేవాళ్లు. చేసేవాళ్లు కాదు. పరీక్ష రోజున ఎవరికి అంత ఓపిక?

ఆ ఏడాది రెండో పీయూసీలో, అంటే ఇంటర్ రెండో ఏడులో, మంజుల అనే అమ్మాయి ఉండేది. చాకవేలు నుంచి వచ్చేది. పదో తరగతి దాకా కన్నడ మాధ్యమం. ఇక్కడ ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం ముఖాన పడేసరికి అమ్మాయికి మాట పడిపోయింది. అర్ధవార్షికలో రసాయనశాస్త్రం తప్పింది. బోర్డు పరీక్షకు ముందు పెట్టే ప్రిపరేటరీలో మళ్లీ తప్పింది. ఒకరోజు వాళ్ల నాయన వచ్చాడు. శిడ్లఘట్టలో పట్టుగూళ్ల నుంచి దారం తీసే కార్ఖానాలో పని ఆయనకు. వేణ్ణీళ్లలో నాని నాని వేళ్ల కొసలు తెల్లబడి ఉన్నాయి.

"సార్, బిడ్డని తీసకపోతాను. కార్ఖానాలో ఒక చేయి తక్కువుండాది. ఈడ రెండుసార్లు తప్పింది గదా, ఊరికే ఎందుకు?"

మంజుల తలుపు దగ్గర నిలబడి చున్నీ కొసను మెలిపెడుతోంది. సారు ఆయన చేతికేసి చూస్తూ అడిగారు.

"గూడు చన్నీళ్లలో వేసి కొస లాగితే ఏమైతాదప్పా?"

ఆయన నవ్వాడు. "యాడ వస్తాది సార్? తెగుతాది. వేణ్ణీళ్లలో వేయాల. జిగురు కరిగితేనే కొస దొరికేది."

"దారం కరగదా మరి?"

"దారం ఎట్ల కరుగుతాది సార్! జిగురొక్కటే."

"అదేనప్పా. మీ బిడ్డ ఇంకా చన్నీళ్లలో ఉండాది. రవంత వేడి పట్టనీ. పరీక్షకి ఇంకా టైముండాది. కొస నేను పట్టిస్తాను."

ఆయన కూతురి వైపు చూశాడు, సారు వైపు చూశాడు. "వేడి జాస్తయితే గూడు చెడిపోతాది సార్."

"ఆ మాత్రం నాకూ తెలుసులేప్పా."

"సరే సార్. ఈ ఒక్కసారి. తప్పిందంటే మాత్రం ఫలితాంశ వచ్చిన రోజే శిడ్లఘట్ట బస్సు."

"తప్పదు. నాది మాట."

ఆయన పోయాక నేను భయంగా అడిగాను, "అంత గట్టిగా మాటిస్తిరి, తప్పితే?" అని. సారు ముఖంలో మొదటిసారి చింతామణి మొదటి సగం కనబడింది. "రాతపరీక్షలో ఎట్లో కొట్టుకుంటా కొట్టుకుంటా అంచుకొస్తాదప్పా. ప్రాక్టికల్‌లో మంచి మార్కులు పడితేనే గట్టెక్కేది. చేతులతో చేసే పని ఆ బిడ్డకి వస్తాది. అదొక్కటే నా ధైర్యం." ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నాల వేళ ల్యాబు తలుపు తెరిచే ఉండేది.

ప్రాక్టికల్ పరీక్ష రోజు వచ్చింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మలెనాడు వైపు మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు. అతిథికి మర్యాద చేసే పని సహజంగానే అతిథి ఉపన్యాసకుడి మీద పడింది. ఇడ్లీ, వడ, కాఫీ పట్టుకుని ల్యాబులోకి అడుగు పెట్టేసరికి లోపల పండగలా ఉంది. బెంచీ బెంచీకి పరీక్షనాళికలు తెల్లగా మెరుస్తున్నాయి. పిల్లలు ముఖాలు వెలిగిపోతుండగా రాసేస్తున్నారు.

నాకు రసాయనశాస్త్రం రాదు గానీ, ఆయన బస్సులో చెప్పగా చెప్పగా ఇంత తెలుసు. ఉప్పు కరిగించిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ అనే మందు రెండు చుక్కలు వేస్తే, తెల్లటి పెరుగులా పేరుకుంటే, ఆ ఉప్పులో క్లోరైడ్ ఉన్నట్టు. ఒక్కొక్కరికి ఒక్కో ఉప్పు ఇచ్చారు. కానీ ఆ రోజు అన్ని ఉప్పులూ ఒకే పాట పాడుతున్నాయి. అందరి కాగితాల మీదా క్లోరైడే.

పరీక్షకుడు ఒక్కో కాగితం చూస్తూ వచ్చారు. ఏ పొట్లంలో ఏముందో ఆయన దగ్గర జవాబుంది. ముఖం ఎర్రబడింది. "ఒకరు రాస్తే అందరూ చూసి రాశారు!" అన్నారు కన్నడంలో. "ఇది కాపీ. ఎవరికీ మార్కు పడదు."

ఆఖరి బెంచీలో మంజుల ఉంది. ఆమె కాగితం మీద క్లోరైడ్ లేదు. అసలేమీ లేదు. చేతిలో ఒక నాళిక పట్టుకుని దానికేసి బెదురుగా చూస్తోంది. సారు వెనక గదిలో గ్యాసు సిలిండరుతో కుస్తీ పడుతున్నారు.

"ఏమీ రాయలేదేం?" అని అడిగారు పరీక్షకుడు.

అమ్మాయికి వచ్చిన కన్నడం అంతా ఎగిరిపోయింది. నా వైపు తిరిగి తెలుగులో అంది, "సార్, నీళ్లే తెల్లగైతాండాయి."

నేను ఇడ్లీ పళ్లెం పట్టుకుని శ్రద్ధగా అనువాదం చేశాను. నీళ్లు తెల్లగా ఉన్నాయంటోంది సార్, అని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నీళ్లు తెల్లగా కాక నల్లగా ఉంటాయా?" అన్నారు. చరిత్రలో అనువాదకుల వల్ల యుద్ధాలు ఎందుకొచ్చాయో నాకు ఆ క్షణాన బోధపడింది. ఆయన పెన్ను మంజుల కాగితం మీదికి దిగుతోంది. అక్కడ సున్నా పడితే శిడ్లఘట్ట బస్సు బయలుదేరినట్టే. నేను పళ్లెం కింద పెట్టి, వెనక గదిలోకి నోరంతా తెరిచి అరిచాను.

"సార్! మంజుల నీళ్లనడిగిందంట!"

సిలిండరు దభీమని కింద పడిన చప్పుడు. సారు వచ్చారు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక కొత్త నాళిక తీసుకుని, డిస్టిల్డ్ వాటర్ అని రాసి ఉన్న తెల్ల డబ్బా నుంచి ఉత్త నీళ్లు పట్టి, మందు రెండు చుక్కలు వేశారు. ల్యాబు మొత్తం ఆ నాళిక కేసి చూస్తోంది.

నీళ్లు మెల్లగా మసకబారాయి.

"పెరుగు కాదు" అన్నారు సారు నెమ్మదిగా. "మజ్జిగ. అదీ నీళ్ల మజ్జిగ." తలవంచుకున్నారు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. తలెత్తితే నవ్వుతున్నారు. "ఇన్నేళ్లు నీళ్లనడగండి, నీళ్లనడగండి అని గొంతు చించుకుంటిని. ఈ పొద్దు నేనే అడగలేదు గదప్పా!"

తర్వాత పరీక్షకుడి వైపు తిరిగి కన్నడంలో చెప్పారు. పిల్లలు చూసి రాయలేదు. కళ్లకు కనబడిందే రాశారు. తెల్లబడింది ఉప్పులు కాదు, నీళ్లు. ఆ నీళ్లలో క్లోరైడ్ ఉంది.

"డబ్బాలో నీళ్లు ఎవరు పోశారు?"

తలుపు దగ్గర అటెండరు రత్నమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. పొద్దున డబ్బా సగానికి దిగి ఉండటం చూసి, పిల్లలకు చాలవేమోనని ఆ తల్లి ఊళ్లో శుద్ధ నీటి ఘటకం నుంచి, అదే వాటర్ ప్లాంటు నుంచి, తెచ్చిన ఫిల్టర్ నీళ్లతో నిండా నింపింది. మా ఊళ్లో అంతకంటే మంచి నీళ్లు ఉంటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"సార్, అది నేను..."

"రత్నమ్మా, సారు కాఫీ చల్లారిపోతాండాది, చూడమ్మా" అని సారు ఆమె మాటను అక్కడే తుంచేశారు. పరీక్షకుడితో మాత్రం, "నీళ్లు నా శాఖ సార్. ఎవరు పోసినా పోసింది నేనే. రాస్తే నా పేరు రాయండి" అన్నారు.

 పరీక్షకుడు కఠినుడే గాని అన్యాయస్థుడు కాదు. "తప్పు నీళ్లదయితే సరైన నీళ్లు చూపించండి. టైమైపోయేలోపు పిల్లలు మళ్లీ చేయొచ్చు. లేకుంటే నా ముందున్న కాగితాలకే మార్కులు."

డిస్టిల్డ్ వాటర్ దొరికేది బ్యాటరీ అంగట్లో. రత్నమ్మ పరుగెత్తి పోయి, రొప్పుకుంటూ తిరిగొచ్చింది. తాళం వేసుంది. అప్పటికప్పుడు నీళ్లు మరిగించి ఆవిరి పట్టాలంటే సాయంత్రం అవుతుంది. మంజుల ఏడుపును పళ్ల మధ్య పట్టి ఆపుతోంది. సారు ఒక్క క్షణం కిటికీ బయటికి చూశారు. ఎండ. మేఘం లేదు. అప్పుడు నా వైపు తిరిగారు.

"ఏమప్పా చరిత్రా! పో, మన అలమరలో ఉండే వాననంతా పట్టుకొనిరా!"

ఇడ్లీ పళ్లెం ఖాళీ చేసి దాంట్లోనే సీసాలన్నీ సర్దుకుని తెచ్చాను. "ముందు వీటినీ అడగాల" అని సారు చేతికందిన మొదటి సీసా తెరిచారు. నా అదృష్టం, అది నాది. మందు పడగానే తెల్లటి గడ్డపెరుగు.

"ఇది వాన కాదప్పా, మామిడికాయ!"

భయంతో బిగుసుకుపోయిన పిల్లలందరూ గొల్లున నవ్వారు. పరీక్షకుడికి విషయం చెబితే ఆయనా నవ్వారు. నా ఊరగాయ వల్ల ప్రపంచానికి జరిగిన ఏకైక మేలు అది. రెండోది పేరేసంద్ర సీసా. లేత మసక. "హైవే దుమ్ము" అని పక్కన పెట్టారు. మూడోది పెద్ద సీసా. మూత మైనంతో మూసి ఉంది. మీద గుండ్రటి అక్షరాలతో 'చాకవేలు'. మంజుల తెచ్చిన వాన అది.

ఒక చుక్క. ఇంకో చుక్క.

సారు నాళికను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

"ఏమీ లే" అన్నారు. "ఏమీ లేకపోవడం ఎంత బాగుండాదో చూడండి!"

ఆ తర్వాత ఆయన చాకవేలు వానను చిన్న బీకరుతో అందరికీ పంచారు. ఒక కుర్రాడు అలవాటు కొద్దీ తీర్థానికి పట్టినట్టు కుడిచేయి గుంటగా చేసి చాపాడు. "నాళిక పట్టరా, పుణ్యం తర్వాత!" అన్నారు. ఎవరి ఉప్పు పాట వాళ్లకు వినబడింది. మంజుల ఉప్పులో క్లోరైడ్ లేదు, నైట్రేట్ ఉంది. ఆమె రాసింది. రాసి, కాగితాన్ని రెండు చేతులతో ఇచ్చింది.

పరీక్షకుడు నోటి ప్రశ్నగా ఆమెను ఒక్కటే అడిగారు. ఫిల్టర్ నీళ్లు అంత శుభ్రంగా కనబడుతుంటే క్లోరైడ్ ఎలా ఉంది, అని. మంజుల వచ్చీరాని కన్నడంలో జవాబిచ్చింది. కనబడకపోతే లేనట్టు కాదు సార్, కరిగి ఉంది. మట్టిని వడకట్టినంత సులువుగా కరిగినదాన్ని వడకట్టలేం. ఘటకంలో చాలా వరకు తీసేస్తారు గాని, రుచి కోసం కొంచెం ఉంచుతారు. మనిషికి అది మంచిదే, ఈ మందుకు పనికిరాదు. ఆయన తలూపి ఏదో రాసుకున్నారు.

అంతా అయ్యాక రత్నమ్మ ల్యాబు మూలన కూచుని ఏడ్చింది. సారు ఆమె ముందు గొంతుక్కూచున్నారు.

"నా వల్ల మీకు తలవంపులాయె సార్."

"ఊరుకోమ్మా. ఖాళీ డబ్బా చూసి నింపకుండా పోయే మనిషి ఈ తాలూకాలో ఎవరన్నా ఉంటే, వాడు మన ఊరివాడే కాదు. నేను దానికి తాళం వేసుకోవాల్సింది. లే, ఇడ్లీలు మిగిలినాయి. ఈ చరిత్రాయన ఒక్కడే తినేస్తాండాడు."

పరీక్ష ఫలితాలు వచ్చాయి. మంజుల మార్కులు గొప్పగా చెప్పుకునేటన్ని కాదు గానీ, శిడ్లఘట్ట బస్సు ఎక్కక్కర్లేనన్ని. వాళ్ల నాయన కాలేజీ గేటు దగ్గర సారు కోసం ఎండలో నిలబడి ఉన్నాడు. దండం పెట్టబోతే సారు ఆ తెల్లబడ్డ వేళ్లను పట్టుకుని ఆపారు. 

"కొస దొరికింది సార్."

"తెగకుండా లాగండప్పా" అన్నారు సారు.

సారు పదవీ విరమణ చేసి చింతామణికి వెళ్లిపోయాక ఒకసారి చూడబోయాను. కాళ్లకు కట్టు కట్టి ఉంది. మనిషి సగమయ్యారు. అమ్మగారు కాఫీ తెచ్చి నా ముందు పెట్టి, చక్కెర గిన్నెను ఆయనకు అందకుండా దూరంగా పెట్టారు. ఆమె లోపలికి పోగానే ఆయన కన్ను గీటారు. నేనే గిన్నెను జరిపాను. దిండు కింద నుంచి గాజుకడ్డీ వచ్చింది. చాలాసేపు ఇద్దరం నా గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాం.

వచ్చేటప్పుడు వాన సీసాల పెట్టె నాకిచ్చారు. "నాకెందుకు సార్, రసాయనం వాళ్లకివ్వండి" అన్నాను. "వాళ్లకిస్తే దాంట్లో యాసిడ్ పోస్తారు. పాతవి దాచిపెట్టేది మీ శాఖ పని గదప్పా!" అన్నారు. భుజాలు ఎగిరాయి. నేను ఆయనను చూసింది అదే ఆఖరు.

ఇదంతా గుర్తు చేసుకుంటూ మిద్దె మీద నిల్చున్నాను. బేసిన్ సగానికి వచ్చింది. లోపల ఫోను మోగుతుంటే మా ఆవిడే పైకి తెచ్చి నా తడిచేతిలో పెట్టింది. మంజుల. ఇప్పుడు నీళ్లను పరీక్షించే ప్రయోగశాలలో పని చేస్తోంది. ఊళ్ల పేర్లు అతికించిన సీసాలు పొద్దుగుంకేదాకా ఆమె బల్ల మీదికి వస్తూనే ఉంటాయట.

"సార్, చాకవేల్లో వాన దంచుతాండాది, నాయన ఫోన్ చేసినాడు. మీకాడ?"

"ఈడా పడతాండాదమ్మా. బేసిన్ పెట్టేసినాను. సగం నిండింది కూడా" అన్నాను గర్వంగా.

"ఎప్పుడు పెట్టినారు?"

"మొదటి చినుక్కే!"

 అవతల ఆమె గొంతులో, ఎగిరే భుజాలు నాకు స్పష్టంగా వినబడ్డాయి.

"పారబోయండి సార్."

"సగం బేసిన్ తల్లీ!"

"పారబోయండి. మళ్లీ పెట్టండి. ఊరగాయ సీసాలోకి మాత్రం వద్దు."

మా ఆవిడ మెట్ల గడప దగ్గర నిలబడి చూస్తోంది. ఈ జిల్లాలో పుట్టినవాడికి ఆ బేసిన్ ఎంత బరువో ఆమెకూ తెలుసు. కళ్లు మూసుకుని, పిట్టగోడ పక్కనున్న కరివేపాకు కుండీలో వంచేశాను. ఖాళీ బేసిన్‌ను మళ్లీ మిద్దె నడుమ పెట్టాను. చినుకులు దాని అడుగున టంగు టంగుమని మోగడం మొదలుపెట్టాయి.

"అయిందా సార్?" అంది ఫోనులో మంజుల.

"అయిందమ్మా" అన్నాను. "ఇప్పుడు ఏమీ లే."